రాష్ట్రమొచ్చింది సరే... పల్లెంలకు ఎప్పుడొస్తది?

1952 సెప్టెంబర్‌ల హైదరాబాద్ సడకుల మీద మన విద్యార్థులు ఇచ్చిన నినాదాలల్ల ఒకటి అందరికీ యాదికున్నది. 'గైర్ ముల్కీ గో బ్యాక్'. దాని ఎన్కనే ఇంకో నినాదం కూడా ఉండె. 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్'. ఆ నినాదాలు ఇచ్చినందుకు తుపాకులు పేలినయి, సిటీ కాలేజీ కాడ పానాలు పోయినయి. చరిత్ర రాసేటోళ్ళు మొదటి నినాదాన్ని పట్టుకున్నరు, రెండోదాన్ని నవ్వులాటగా వదిలేసిన్రు. మేమైతే రెండోదాన్నే పట్టుకోవాలంటం. ఎందుకంటే ఉద్యోగం పోయిన సంగతి కాయితం మీద తెలుస్తది, ఊరు పోయిన సంగతి మాత్రం హోటల్ల కూసున్నప్పుడే తెలుస్తది.

ఆ పిల్లలకు ఇడ్లీ మీద పగ లేదు. పోలీసు చర్య తర్వాత మద్రాసు నుంచి వచ్చిన అఫీసరు తన వెంబడి గుమాస్తాను తెచ్చుకున్నడు, గుమాస్తా తన వెంబడి చుట్టాన్ని తెచ్చుకున్నడు, వాళ్ళందరి కడుపు కోసం హోటల్ వచ్చింది. ఇరానీ చాయ్, కీమా రొట్టె దొరికే గల్లీల మనకు తెలువని తిండి, మనకు తెలువని మాట, మనల్ని తెలువనోళ్ళుగా చూసే చూపు ఒక్కసారే దిగినయి. నినాదం ఆ చూపు మీద.

ఇప్పుడు ఏ బస్తీకి పోయినా పొద్దుగాల ఇడ్లీ బండి ఉంటది. ఆ బండి పాలమూరు నుంచి బతకవచ్చినోడిదో, నల్లగొండ నుంచి వచ్చిన ఆలుమగలదో అయి ఉంటది. మనమూ నిలబడి నాలుగు తిని చేతులు కడుక్కుంటం. తిండికి సరిహద్దు లేదు, ఉండొద్దు కూడా. విజయవాడ నుంచి వచ్చి మెస్సు పెట్టుకున్న అమ్మ కష్టం మీద మాకు ఏ కోపం లేదు. మా పంచాయితీ వేరే. నాలుగు కోట్ల మంది ఉన్న రాష్ట్రం, దాని రాజధాని నగరం. ఆ నగరంల ఇల్లు విడిచి బయటికొచ్చి తినేటప్పుడు మన తిండి ఎక్కడున్నది, ఏ ధరకున్నది, ఏ పేరుతోనున్నది? ఇదీ లెక్క.

పేరు కాన్నించే మొదలుపెడదం. అమీర్‌పేట, విద్యానగర్, దిల్‌సుఖ్‌నగర్... కోచింగ్ సెంటర్ ఎక్కడుంటే అక్కడ 'ఆంధ్రా మెస్' బోర్డు ఉండేది. ఇప్పటికీ శానా చోట్ల ఉన్నది. కరీంనగర్ నుంచి వచ్చిన పిలగాడు, ఖమ్మం నుంచి వచ్చిన పిల్ల, ఆదిలాబాద్ గోండు గూడెం నుంచి వచ్చినోడు అందరూ అందులనే నెలకార్డు తీసుకున్నరు. పప్పు, సాంబారు, ఒక వేపుడు, గోంగూర. తిండి మంచిదే. కానీ నోరు తెరిచి 'అన్నా, జెర సల్ల పొయ్యి' అంటే వడ్డించేటోడు నవ్వేది. 'మజ్జిగ అనాలి' అని దిద్దేది. తొక్కు అంటే పచ్చడి అనాలన్నరు. ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి అనాలన్నరు. పల్లీలు అంటే వేరుశెనగ గుళ్ళు, ఆలుగడ్డ అంటే బంగాళాదుంప, ఆనిగెపుకాయ అంటే సొరకాయ. ఒక్క పూట అన్నం తినాలంటే ఇన్ని తప్పులు దిద్దుకోవాల్నా? సినిమాల మన యాసను రౌడీకీ, పనిమనిషికీ పెట్టిన్రని మనం ఎన్నో వ్యాసాలు రాసినం. హోటల్ బల్ల మీద జరిగిన అవమానం మీద మాత్రం ఎవలూ రాయలేదు. అది రోజుకు రెండుసార్లు జరిగేది మరి, అలవాటయిపోయింది.

ఆఖరికి పచ్చిపులుసును చూడున్రి. పొయ్యి అక్కెర లేదు. చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ కోసి, కొంచెం నువ్వుల పొడి చల్లి, జీలకర్ర, కొత్తిమీర వేస్తే అయిపాయె. ఎండకాలం పనికి పోయి వచ్చిన మనిషికి అంతకంటే మందు లేదు. అంత అగ్గువ పులుసు నగరంల మెస్సులల్ల ఎందుకు దొరకలేదు? కాయితం మీద ఏ నిషేధమూ లేదు. అడిగేటోనికి సిగ్గు, చేసేటోనికి చులకన. ఆ రెండూ ఉన్నంక నిషేధం ఎందుకు?

దీని మీద ఇంకో అబద్ధం కూడా పేర్చిన్రు. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినంకనే తెలంగాణోళ్ళు అన్నం తినుడు నేర్చుకున్నరట! ఈ మాట గల్లీల అన్నది కాదు, పెద్ద పెద్ద వేదికల మీద అన్నది. రాష్ట్రం వచ్చినంక కూడా అన్నరు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయులు 13వ శతాబ్దంల ఎందుకు తవ్విచ్చిన్రు, చేపలు చూసుకుంట కూసునేతందుకా? నిజాంసాగర్ 1931 నాటికే పూర్తయింది, దాని కింద వరి పండలేదా? పేదోళ్ళ ఇండ్లల్ల వరి బువ్వ పండుగకే దొరికిందన్నది నిజం. ఆ నిజం గోదావరి జిల్లాల కూలోని ఇంటికి కూడా వర్తిస్తది. దొర గడిల సన్నబియ్యం ఉడికినప్పుడు జీతగాని ఇంట్ల గటక ఉడికింది. అది పేదరికం కథ, దాన్ని ప్రాంతం తెలివితక్కువ కథగా మార్చి చెప్పిన్రు. ఇంతకూ జొన్నరొట్టె తినుడు తక్కువ బతుకని మొన్నటిదాక చెప్పినోళ్ళే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించంగనే జొన్నలు, కొర్రలు, సామలు తినున్రి అని మనకే ఉపన్యాసాలు ఇచ్చిన్రు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ల డీడీఎస్ సంఘాల ఆడోళ్ళు, అందుల ఎక్కువమంది దళిత రైతులు, ఈ ఇత్తనాలను దశాబ్దాల నుంచి కడుపుల పెట్టుకొని కాపాడిన్రు. వాళ్ళకు అప్పుడు ఉపన్యాసం ఇచ్చినోడు లేడు, దండం పెట్టినోడూ లేడు.

ఇదంతా తిండి మీద మనసు పడ్డోళ్ళ గొడవ అనుకునేటోళ్ళకు ఉద్యమ దినాలు యాది చేస్తం. వంటావార్పు అన్న పోరాట రూపం ఇంకో ఉద్యమంల అంత పెద్ద ఎత్తున నడిచిందా? మాకైతే కనబడలేదు. 2011 జూన్‌ల హైదరాబాద్ సడకుల మీద, ఆ ముందటా ఎన్కా జిల్లాల రహదార్ల మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టిచ్చినం. గంజులు ఇండ్లల్ల నుంచే వచ్చినయి. ఒకామె బియ్యం తెచ్చె, ఒకామె కందిపప్పు తెచ్చె, కూరగాయలమ్మే అవ్వ గంపెడు టమాటలు కుమ్మరించి పోయె. ఎన్జీవో అన్నలు కట్టెలు కొట్టిన్రు, లెక్చరర్లు ఉల్లిగడ్డలు కోసిన్రు. ఇంట్ల ఎన్నడూ పొయ్యి మొఖం చూడని మగోళ్ళు అన్నం వార్చవోయి చేతులు కాల్చుకున్నరు, ఆడోళ్ళు నవ్వుకున్నరు. రోడ్డు మీద ఆగిపోయిన లారీ డ్రైవర్లకు ఇస్తారాకు వేసి పెట్టినం. ఆ డ్రైవర్లల్ల పంజాబోడు ఉన్నడు, తమిళోడు ఉన్నడు, గుంటూరోడు ఉన్నడు. ఏ రాష్ట్రమోనివని అడిగి పెట్టలేదు.

వంటిల్లు అంటే ఇంటి లోపలి సంగతి. దాన్ని తెచ్చి జాతీయ రహదారి నడుమ పెట్టుడంటే మాటలా? 'మా పొయ్యి మాకు కావాలె' అన్న మాటను మైకు లేకుండ చెప్పుడు అది. అంతకుముందు 2009 చలికాలంల మా హాస్టల్ మెస్సుకు తాళం పడ్డప్పుడు కూడా ఇట్లనే జరిగింది. పిల్లలు ఆకలికి ఓర్వలేక ఇండ్లకు పోతరనుకున్నోళ్ళు అనుకున్నరు. చుట్టుపక్కల బస్తీల తల్లులు డబ్బలు పట్టుకొని వచ్చిన్రు. టమాట తొక్కు, ఉడికిన గుడ్లు, పులిహోర, ఏది ఉంటే అది. ముళ్ళకంచె ఇవతల నుంచి అవతలికి అందిచ్చిన ఆ డబ్బలు మేం ఎన్నటికీ మర్వం. ఆ డబ్బలు లేకపోతే డిసెంబర్ 9 దాక ఎంతమందిమి నిలబడేటోళ్ళమో చెప్పలేం.

ఆకలి సంగతి వచ్చింది గనుక ఒక ముచ్చట. తెలుగోళ్ళ రెండు రాష్ట్రాలూ తిండి ముట్టనన్న పట్టుదల మీదనే పుట్టినయి. 1952ల పొట్టి శ్రీరాములు 58 దినాలు తినకుండ ఉండి పానం విడిచిండు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2009 నవంబర్ 29న మొదలైన కేసీఆర్ దీక్ష డిసెంబర్ 9న ప్రకటన దాక తీసుకపోయింది. దీక్ష శిబిరం పక్కన మిర్చి బజ్జీల బండి మాత్రం ఎప్పుడూ నడుస్తనే ఉంటది, అది వేరే సంగతి.

ఇగ ఢిల్లీ. ఉద్యమంల ఉన్నోళ్ళెవలికైనా ఢిల్లీ ప్రయాణం అంటే రైలే. అప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్. 1976 నుంచి ఆ పేరుతోని నడిచిన బండి, రాష్ట్రం వచ్చినంక 2014 నవంబర్‌ల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. సుమారు 26 గంటల ప్రయాణం. మనోళ్ళు స్లీపర్ బోగీల సద్ది విప్పితే ఆ వాసనకు భోపాల్ దాటినోళ్ళు కూడా మెడలు తిప్పి చూసేది. సర్వపిండి రెండు దినాలు ఆగుతది, సకినాలు నెల ఆగుతయి, జొన్నరొట్టె ఎండితే ఇంకా రుచి. ఎల్లిపాయ కారం ఒక సీసల ఉంటే ఏ ఊరి అన్నమైనా దిగుతది. 2013 ఏప్రిల్‌ల జేఏసీ సంసద్ యాత్రకు పోయినోళ్ళకు ఈ సద్దులే ఆధారం. జంతర్ మంతర్ కాడ ఎండ మండిపోతుంటే మలీద ముద్దలు పంచుకొని తిన్నం.

ఢిల్లీల అన్నం మీద మనసు పోతే ఎక్కడికి పోవాలె? అశోకా రోడ్డు మీద ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కే. 'ఆంధ్రా గో బ్యాక్' అని గొంతు పోయేదాక అరిచి, మధ్యాహ్నం టోకెన్ తీసుకొని అక్కడనే లైన్ల నిలబడ్డం! మొన్న ఒక సీమ దోస్తు దీన్ని పట్టుకొని ఎక్కిరిచ్చిండు. ఎక్కిరిస్తే ఎక్కిరిచ్చిండు గానీ, ఆ భవన్ ఉన్న భూమి ఎవలిదో కూడా చెప్పాలె గదా. పక్కనే ఉన్న హైదరాబాద్ హౌస్ నిజాం కట్టిచ్చుకున్నది, దాని పక్కపొంటి ఉన్న ఆ జాగా కూడా నిజాం కొన్నదే. మన భూమి మీద మనం టోకెన్ కొని తిన్నం. వడ్డించిన పిలగాళ్ళు కడుపునిండ పెట్టిన్రు, అది కూడా చెప్పాలె. రొట్టె, పచ్చిపులుసు మాత్రం ఆ పల్లెంల ఎన్నడూ చూడలేదు. ఉమ్మడి రాష్ట్రం భవన్‌ల ఉమ్మడి లేని వస్తువు ఏదన్న ఉంటే అది మెనూనే. 2024 మార్చిల ఆ ఆస్తి పంపకానికి కేంద్రం ఒప్పుకున్నది. దాని సంగతి ఆఖరికి చెప్తం.

ఇప్పుడు మనోళ్ళు రైలు తక్కువ, విమానం ఎక్కువ ఎక్కుతున్నరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిల్లలు, కోర్టు పనికి పోయేటోళ్ళు, ఆఖరికి మా అసుంటి పత్రికోళ్ళు కూడా. 2008 మార్చిల బేగంపేట మూసి శంషాబాద్ తెరిచిన్రు. సుమారు 5,500 ఎకరాలు. అవి మామిడిపల్లి, గొల్లపల్లి దిక్కు పొలాలు, ఇండ్లు. జొన్న పండిన చెల్కల మీద ఇప్పుడు రన్‌వే ఉన్నది. ఆ రన్‌వే పక్కన అద్దాల మేడల ఒక ఇడ్లీ పల్లెం పైసలతోని బయట బండి కాడ ఇంటిల్లిపాది తినొచ్చు. గింత దోపిడీ మీద పార్లమెంటుల కూడా లొల్లి అయినంకనే 2024 డిసెంబర్‌ల కోల్‌కతా విమానాశ్రయంల ఉడాన్ యాత్రీ కెఫే అని ఒకటి మొదలువెట్టిన్రు. 10 రూపాయలకు చాయ్, 20 రూపాయలకు సమోసా. మొదలువెట్టిన మంత్రి శ్రీకాకుళం బిడ్డ. మంచి పనే, మెచ్చుకుంటం. అయితే అగ్గువ చాయ్ ఒక్కటే ఆత్మగౌరవం కాదు. టర్మినల్ వెనుక చెట్ల నీడల సఫాయి పనిచేసే అమ్మలు మధ్యాహ్నం డబ్బలు విప్పుతరు. శంషాబాద్ చుట్టుపక్కల ఊర్లోళ్ళే. ఆ డబ్బలల్ల ఉన్నదే ఈ నేల అసలు తిండి. లోపల అద్దాల వెనుక లక్షల కిరాయి కట్టి అమ్మేది ఏ నేలదో అమ్మేటోనికే ఎరుక లేదు.

విమానం లోపలి తిండి ఇంకో కథ. అది పైన వండేది కాదు. కింద కార్ఖానల వండి, జల్ది సల్లబరిచి, పెట్టెలల్ల పెట్టి ఎక్కిస్తరు. పైన పొయ్యి ఉండదు, వేడి గాలి అలమార ఉంటది, అందుల మళ్ళ వేడి చేస్తరు. లోపల గాలి ఎడారి కంటే పొడిగ ఉంటది, ఒత్తిడి ఆరేడు వేల అడుగుల గుట్ట ఎక్కినట్టు ఉంటది. ముక్కు ఎండిపోతది, నాలుకకు ఉప్పు, తీపి సరిగ తెలువదు. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా 2010ల ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థతోని పరీక్షలు చేయిస్తే తేలింది ఏందంటే, పైన తగ్గేది ఉప్పు, తీపి రుచులే, పులుపు, చేదు, కారం పెద్దగ తగ్గవు. ఈ ముచ్చట చదివినంక మేం నవ్వాపుకోలేకపోయినం. పులుపు, కారం! అంటే ఆకాశంల పనికొచ్చే తిండి తెలంగాణ ఇంట్ల ఎప్పటి నుంచో ఉన్నది. చింతపండు, మిరపకాయ తప్ప మనకు ఇంకేం తెలుసునని ఎక్కిరిచ్చినోళ్ళు వినాలె. పచ్చిపులుసు పోసిన గిలాస విమానం ఊగినప్పుడు ఎవలి ఒళ్ళె పడుతదన్నది వేరే సమస్య అనుకోండి.

ఒక ప్రైవేటు విమానంల మాకు పెట్టింది డబ్బల ఉప్మా. మూత తీసి వేడి నీళ్ళు పోసి ఎనిమిది నిమిషాలు ఆగుమన్నరు. ఎనిమిది నిమిషాలల్ల మన అవ్వ రెండు రొట్టెలు కొట్టి పెడుతది. పక్క సీట్ల పెద్దాయన సంచిల నుంచి చద్దర ముక్కల చుట్టిన సర్వపిండి తీసి, సగం తుంచి మాకు ఇచ్చిండు. 'బిడ్డ కాడికి పోతున్న, ఆమె కోడండ్లకు కూడా ఇదే ఇష్టం' అన్నడు. పేరు అడగలేదు, ఊరు మాత్రం అడిగినం. పరకాల. సర్వపిండి రుచి ఆకాశంల కూడా దిగలేదు, నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ ఉన్నయి గదా.

ఇంకో సంగతి దాటిపోవద్దు. సర్కారు విమాన సంస్థగా ఉన్నప్పుడు ఎయిర్ ఇండియా 2017 జూలైల దేశం లోపల తిరిగే విమానాలల్ల మామూలు తరగతోళ్ళకు మాంసం బంద్ పెట్టింది. ఖర్చు తగ్గుతదట, వృథా తగ్గుతదట. పైతరగతి సీట్లల్ల మాత్రం మాంసం ఉన్నది. అంటే వృథా అయ్యేది పేదోని కోడికూరేనా? రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014 సర్వే ప్రకారం తెలంగాణల 15 ఏండ్లు దాటినోళ్ళల్ల దాదాపు 99 శాతం మాంసం తినేటోళ్ళే. దేశంల అందరికంటే ఎక్కువ. ఆ 99 శాతం మంది కట్టిన పన్నుతోని నడిచిన విమానంల వాళ్ళ తిండికి జాగ లేకపాయె. 2022ల టాటాల చేతికి పోయినంక మెనూ మారి మాంసం మళ్ళ వచ్చింది. వ్యాపారి లెక్క వేసుకొని ఇచ్చిండు, సర్కారు లెక్క వేసుకొని గుంజుకున్నది. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే తలకాయలు పగిలినయి. ఎవలి పల్లెంల ఏముండాల్నో ఇంకొకడు చెప్పుడు అన్న రోగం సీమాంధ్రోళ్ళ కాడనే ఉన్నదనుకుంటే పొరపాటు, మన లోపల కూడా ఉన్నది.

ఢిల్లీ విమానం రెండు గంటలు. ఆకలైనా ఓర్వొచ్చు. గల్ఫ్ పోయేటోని సంగతి చూడున్రి. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి నుంచి పోయేటోళ్ళకు విమానం అంటే ముప్పై నలభై వేల అడుగుల మీద సంబురం కాదు, అప్పు. నడిరాత్రి శంషాబాద్ కాడికి పోయి నిలబడి చూడున్రి. అట్టపెట్టెలకు తాడు కట్టి, మీద మార్కర్‌తోని పేరు రాసుకొని, ఇంటోళ్ళందరూ వచ్చి ఉంటరు. కాంట కాడ కిలోలు ఎక్కువైతయి. అప్పుడు మొదలైతది పంచాయితీ. పెట్టె విప్పుతరు. బట్టలు తియ్యాల్నా, తొక్కు తియ్యాల్నా? కొడుకు బట్టలు తీస్తడు, తల్లి వద్దంటది. మామిడికాయ తొక్కు సీస, గరిజెలు, మురుకులు, ఎండుచేపలు, కారంపొడి నేల మీద పరుస్తరు. వెనుక లైన్ల ఉన్నోళ్ళు విసుక్కుంటరు. కుడుకలు ఉంటే అవీ బయటికే. కుడుకల నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కే గుణం ఉంటదని విమానాల ప్రమాద వస్తువుల జాబితాల ఎండు కొబ్బరిని పెట్టిన్రు. ఆ కారణం నిజమే. కానీ లగ్గానికి కుడుకలు, ఒడి నింపితే కుడుకలు, కాముని పున్నానికి చక్కెర పేర్లతోని కుడుకల దండలు... అసుంటి శుభం వస్తువును ప్రమాద వస్తువు అని ఎందుకంటున్నరో ఆ తల్లికి చెప్పేటోడు ఒక్కడు కనబడడు. తెలుగుల ఒక బోర్డు రాసి పెడితే ఎవలి సొమ్ము పోయింది?

లోపలికి పోయినోనికి మొదటిసారి ట్రే వస్తది. వెన్న డబ్బి మూత ఎటు నుంచి తియ్యాల్నో తెలువదు, ఏది తీపో ఏది ఉప్పో తెలువదు. అడిగితే నవ్వుతరేమోనని ఊకుంటడు. అదే మెస్సుల నవ్వు, అదే భయం. అక్కడ దిగినంక క్యాంపుల పది మందికి ఒక పొయ్యి, వంతులు. శుక్రవారం సెలవు గనుక ఆ దినం కోడికూర. ఇంటి తొక్కు ఉన్నన్ని దినాలు ఊరు దగ్గర ఉన్నట్టు, సీస గీకినంక దూరం మొదలైతది. ఈ మాట మాకు ముస్తాబాద్ దిక్కు మనిషి ఒకాయన చెప్పిండు, పన్నెండేండ్లు ఎడారిల కడ్డీలు వంచినాయన.

ఇగ మన నగరంల ఏం మారింది? మారలేదంటే అబద్ధం. 2014 తర్వాత 'తెలంగాణ' అన్న పేరుతోని హోటళ్ళు వచ్చినయి. అంకాపూర్ నాటుకోడి బోర్డు లేని ఏరియా లేదు. ఆర్మూర్ పక్క ఊరు, ఇత్తనాల ఊరు, ఆ ఊరి కోడికూర ఇప్పుడు నగరం రుచి అయింది. సంతోషం. హలీంకు 2010ల, తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చింది. 2019ల యునెస్కో హైదరాబాద్‌ను తిండి కళల నగరాల జాబితాల చేర్చింది. జాబితాల చేరిన నగరం బిర్యానీల నగరం, హలీంల నగరం. అది మనదే, గర్వమే. కానీ సర్కారు ఎప్పుడు విదేశీ అతిథికి విందు చేసినా ఫలక్‌నుమాల బల్ల మీద నవాబుల తిండే పెడుతది. తలకాయ కూర, బోటి, చింతచిగురు మాంసం, గటక, అంబలి ఆ బల్ల దాక ఎక్కవు. నవాబు పోయిండు, దొర పోయిండు, వాళ్ళ బల్ల మాత్రం ప్రభుత్వ అతిథి గృహంల ఉన్నది.

ఇంకో దిక్కు జూబ్లీహిల్స్ హోటళ్ళల్ల జొన్నరొట్టె, నాటుకోడి పులుసు దొరుకుతున్నయి. గోడల మీద కావడి, గుమ్మి, తిరుగలి అలంకరణ. ధర చూస్తే గుండె జారుతది. ఆ రొట్టెను కనిపెట్టినోళ్ళ మనుమడు అశోక్‌నగర్ రూంల గ్రూప్ పరీక్షలకు చదువుకుంట మూడు పూటల ఎగ్ నూడుల్స్ తింటున్నడు. ఆ పిలగానికి 5 రూపాయల భోజనం నగరంల 2014 నుంచే ఉన్నది, అది పెట్టినోళ్ళకు దండం. ఆకలి తీర్చింది. అందుల కూడా సాంబారే! వారంల ఒక్క దినం పచ్చిపులుసు పోస్తే బడ్జెట్ కూలిపోతదా?

నిజంగా మారింది ఒక్కటి మేం కండ్లార చూసినం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు కిరాయి లేదు గదా. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం ఎల్బీనగర్ల, జేబీఎస్ల దిగే తల్లుల చేతుల చూడున్రి. స్టీలు డబ్బలు, గుడ్డల చుట్టిన రొట్టెలు, ప్లాస్టిక్ సీసలల్ల చల్ల. పిల్లల రూంలకు పోయి, పెట్టి, గిన్నెలు కడిగి, సాయంత్రం బస్సుకు మళ్ళిపోతరు. ఆర్థిక శాస్త్రవేత్తలు ఆ పథకం ఖర్చు లెక్క కడుతున్నరు, కట్టనీ. ఆ డబ్బలు ఏ లెక్కల రాస్తరు? కొడుకు హాస్టల్ల ఏం తింటున్నడో కండ్లతోని చూసొచ్చే హక్కు ఒక తల్లికి కిరాయి లేనందుకు దూరమయ్యేది, ఇప్పుడు దగ్గరయింది. మేం ఏ పార్టీ జెండా మోస్తలేం, చూసింది రాస్తున్నం.

కావాల్సినయి పెద్ద కోరికలేం కాదు. సచివాలయం నుంచి మండల ఆఫీసు దాక క్యాంటీన్లల్ల వారానికి మూడు దినాలు జొన్నరొట్టె ఉండాలె, దాని జొన్నలు మన రైతు కాడ కొనాలె. అప్పుడే చెల్కల పత్తి తగ్గి జొన్న మళ్ళ వస్తది. లేకుంటే కొనేటోడు లేని పంటను ఎవలు వేస్తరు? శంషాబాద్ల మహిళా సంఘాలకు ఒక్క దుకాణం, మామూలు కిరాయికి. సకినాలు, సర్వపిండి, మలీద, తొక్కు. గల్ఫ్ పోయేటోళ్ళ లైన్ కాడ ఏది తీసుకపోవచ్చు, ఏది తీసుకపోవద్దు అని తెలుగుల, ఉర్దూల పెద్ద అక్షరాల బోర్డు, కిలోలు ఎక్కువైన తిండి సామాను వాపసు ఇంటికి పంపే ఆర్టీసీ కార్గో బల్ల. ఇంతే.

ఆఖరికి ఢిల్లీ. పంపకంల మన వాటా జాగ తేలింది. అక్కడ తెలంగాణ భవన్ కడుతరు. ఎన్ని అంతస్తులు, ఎన్ని గదులు, మంత్రుల సూట్లు ఎన్ని అన్న నక్షాలు తయారైతయి. వంటిల్లు నక్షల ఏ మూలకు ఉన్నది, అందుల రొట్టెల పెంక ఉన్నదా, కాంట్రాక్టు ఎవలికి ఇస్తున్నరు అన్నది ఎవలన్న అడిగిన్రా? టెండర్ పిలిస్తే ఢిల్లీ క్యాటరింగ్ కంపెనీ వస్తది, పనీర్ బటర్ మసాలా పెడుతది. సంగారెడ్డి, వికారాబాద్ సంఘాల ఆడోళ్ళను ఆర్నెల్లకు ఒక జట్టుగా పంపున్రి, జీతం ఇయ్యున్రి, ఉండెతందుకు గది ఇయ్యున్రి. పార్లమెంటు కాడికి పనికొచ్చే మన ఎంపీలు, యూపీఎస్సీ చదివే మన పిల్లలు, అక్కడి దోస్తులు, ఆంధ్రోళ్ళు కూడా వచ్చి తింటరు, వాళ్ళ క్యాంటీన్ల మనం తిన్నట్టే. జొన్నపిండి అక్కడ దొరకదని సాకులు చెప్పొద్దు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ రోజూ పోతనే ఉన్నది.